బాటకు భూమి.. కాగితమే భద్రత

పంచాయతీ రోడ్డుకైనా, పైపులైనుకైనా చట్టం ఒక్కటే
సెంట్లలో పోయినా హక్కులు ఎకరాలతో సమానం
తీర గ్రామాల్లో స్థల సేకరణ ఎలా జరగాలి?

నెల్లూరు: తీర గ్రామానికి తుపాను వేళ బయటపడేందుకు రోడ్డు కావాలి. ఇంటింటికీ కుళాయి నీరు అందాలంటే పైపులైను పొలాల మధ్యగా సాగాలి. వాన నీరు ఉప్పుటేరులో కలవాలంటే మురుగు కాలువ తవ్వాలి. పంచాయతీ చేపట్టినా, జిల్లా పరిషత్తు చేపట్టినా, పురపాలక సంఘం చేపట్టినా ఈ పనులన్నింటికీ మొదట ఎదురయ్యే ప్రశ్న స్థలమే. ఓడరేవులు, విద్యుత్ కేంద్రాల కోసం వందల ఎకరాలు సేకరించినప్పుడు జరిగే చర్చ, రోడ్డు పక్కన పోయే ఐదారు సెంట్ల విషయంలో జరగదు. ఊరి పని కదా అని రైతు నోటిమాటగా ఒప్పుకుంటాడు. కాగితాలు తర్వాత చూద్దామని అధికారులు పని మొదలుపెడతారు. పదేళ్ల తర్వాత రైతు వారసులు కోర్టుకెక్కితే ఇటు కుటుంబానికీ, అటు పంచాయతీకీ చిక్కే. చిన్న పనికి కూడా నోటీసు, విచారణ, చెల్లింపు, రికార్డు మార్పు తప్పవని చట్టాలు, తీర్పులు స్పష్టం చేస్తున్నాయి.

తీరంలో చిక్కులెక్కువ

కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల తీరప్రాంతంలో భూముల స్వభావం మెట్ట మండలాలకు భిన్నం. పట్టా భూముల పక్కనే డీకేటీ భూములు, సహకార ఉమ్మడి వ్యవసాయ సంఘాలకు ఇచ్చిన సీజేఎఫ్‌ఎస్ భూములు, కాలువ పోరంబోకులు, ఉప్పు మళ్లు, రొయ్యల గుంటలు కలగలిసి ఉంటాయి. బకింగ్‌హాం కాలువ తీరం పొడవునా సాగుతుంది. ఒకే రోడ్డు కిలోమీటరు దూరంలో ఇన్ని రకాల భూములను దాటవలసి వస్తుంది. ఒక్కో రకానికి అనుమతి ఇచ్చే కార్యాలయం వేరు, దస్త్రం వేరు.

దీనికి తోడు తీరప్రాంత క్రమబద్ధీకరణ మండలి నిబంధనలున్నాయి. 1991 ఫిబ్రవరిలో తొలిసారి వెలువడి, 2011లోను, 2019లోను సవరించిన ఈ నోటిఫికేషన్ల ప్రకారం సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు, ఉప్పుటేర్ల వెంట నిర్ణీత హద్దు లోపు చేపట్టే నిర్మాణాలపై ఆంక్షలుంటాయి. రైతు స్థలం ఇచ్చినంత మాత్రాన పని మొదలుపెట్టడం సాధ్యం కాదు.

అలాగని పనులు ఆపుకొనే పరిస్థితీ లేదు. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన పెనుతుపాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరానికి రోడ్డు విలువ నేర్పాయి. జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో మొదలైనప్పుడు తుపాను రక్షిత భవనాలతో పాటు వాటిని చేరే రోడ్లనూ పనుల్లో చేర్చడానికి కారణమిదే. రోడ్డు లేని రక్షిత భవనం ఆపద వేళ అక్కరకు రాదు.

సేకరించే అధికారం కలెక్టరుదే

బలవంతంగా భూమి తీసుకునే అధికారం సర్పంచికి గాని, పంచాయతీ కార్యదర్శికి గాని, ఇంజినీరుకు గాని లేదు. స్థానిక సంస్థ తనకు ఎంత స్థలం, ఎక్కడ, దేనికి కావాలో కోరే సంస్థ మాత్రమే. సేకరించేది జిల్లా కలెక్టరు. ఆయన తరఫున ఆర్డీవో లేదా ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు భూసేకరణాధికారిగా వ్యవహరిస్తారు. స్థానిక సంస్థకు స్థలం సమకూరే మార్గాలు ప్రధానంగా ఐదు.

మొదటిది ప్రభుత్వ భూమి. రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 58వ సెక్షను ప్రకారం మేత బయళ్లు, కళ్లాలు, శ్మశానాలు, బండ్ల స్టాండ్ల వంటి కొన్ని పోరంబోకులు పంచాయతీకి దఖలు పడతాయి. మిగిలిన ప్రభుత్వ భూమిని రెవెన్యూ శాఖ నుంచి బీఎస్‌ఓ 24 ప్రకారం బదిలీ చేయించుకోవాలి. పోరంబోకు కదా అని చెరువునో, కాలువనో పూడ్చి భవనం కట్టడం కుదరదు. ఊరుమ్మడి భూములను ఇతరులకు కట్టబెట్టరాదని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు పంజాబుకు చెందిన కేసులో గట్టిగా చెప్పింది.

రెండోది ఒప్పందంపై కొనుగోలు. మూడోది దానం. నాలుగోది భూమి యాజమాన్యం రైతు వద్దే ఉంచి, దారికో పైపులైనుకో వాడుక హక్కు మాత్రమే పొందడం. ఇవేవీ కుదరనప్పుడు చివరి మార్గం నిర్బంధ సేకరణ.

నోటిమాట దానం చెల్లదు

పాఠశాలకు, అంగన్‌వాడీకి, రోడ్డుకు స్థలం ఇస్తామని గ్రామసభలో దాతలు ప్రకటించడం, చప్పట్ల మధ్య శంకుస్థాపన జరగడం గ్రామాల్లో పరిపాటి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 123వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దానం రిజిస్టరు పత్రం ద్వారానే చెల్లుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. పంచాయతీ తీర్మానం, తెల్ల కాగితంపై అంగీకార పత్రం దానానికి ప్రత్యామ్నాయం కావు.

రిజిస్ట్రేషన్ జరిగినా పని పూర్తికాదు. ఇచ్చిన భాగాన్ని సర్వేయరు కొలిచి, సబ్‌డివిజన్ చేసి, అడంగల్, 1-బి రికార్డుల్లో విస్తీర్ణం మార్చాలి. ఈ పని జరగకపోతే దాత మరణానంతరం వారసులు పాత విస్తీర్ణంతోనే భూమి అమ్ముతారు. కొన్నవారు రోడ్డు మీదికి కంచె వేస్తారు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల పునఃసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అక్కడ పాత పత్రంలోని నంబరు ఏ కొత్త నంబరుకు సరిపోతుందో ముందే తేల్చుకోవాలి.

నోటీసు నుంచి అవార్డు దాకా

1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో 2014 జనవరి 1 నుంచి 2013 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. న్యాయమైన పరిహారం, పారదర్శకత, పునరావాసం దీని పేరులోనే ఉన్నాయి. చట్టం నిర్దేశించిన మెట్లు ఇవి.

సామాజిక ప్రభావ అంచనా మొదటి మెట్టు. 2018లో రాష్ట్రం చేసిన సవరణతో గ్రామీణ మౌలిక వసతుల వంటి కొన్ని పనులను దీని నుంచి మినహాయించే వీలు కలిగింది. అంగీకారంతో భూమి తీసుకునే పద్ధతికీ ఆ సవరణ చోటిచ్చింది. మినహాయింపు అంచనాకే గాని పరిహారానికి కాదు.

తర్వాత 11వ సెక్షను కింద ప్రాథమిక నోటిఫికేషను. ఇది గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో, పంచాయతీ, తహసీల్దారు కార్యాలయాల్లో ప్రచురితం కావాలి. పత్రికల్లో ఒకటి ప్రాంతీయ భాషది కావాలి. ఈ తేదీ నుంచి 60 రోజుల్లోగా భూయజమానులు 15వ సెక్షను కింద అభ్యంతరం చెప్పవచ్చు. భూమి తమది కాదనో, విస్తీర్ణం తప్పనో మాత్రమే కాదు, ఆ పనికి ఆ స్థలం అక్కర్లేదని, పక్కనున్న పోరంబోకు సరిపోతుందని కూడా వాదించవచ్చు. కలెక్టరు విచారణ జరిపి వారి మాట వినాలి.

19వ సెక్షను కింద తుది ప్రకటన ప్రాథమిక నోటిఫికేషను తర్వాత 12 నెలల్లో రావాలి. స్థానిక సంస్థలు గుర్తుంచుకోవలసిన నిబంధన ఇక్కడుంది. సేకరణ ఖర్చులో నిర్ణీత సొమ్ము జమచేయనిదే ఈ ప్రకటన వెలువడదు. రోడ్డుకు నిధులు మంజూరైనా, స్థలానికి అంచనాల్లో పైసా చూపని పనులు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

21వ సెక్షను కింద వ్యక్తిగత నోటీసులు, విచారణ జరిగాక, ప్రకటన నాటి నుంచి 12 నెలల్లోగా అవార్డు ప్రకటించాలి. పరిహారం పూర్తిగా చెల్లించిన తర్వాతే భూమి స్వాధీనం చేసుకోవాలి. చెల్లింపునకు అవార్డు నుంచి 3 నెలలు గడువు. దేశ రక్షణ, ప్రకృతి వైపరీత్యాల వంటి అత్యవసరాల్లో ముందే స్వాధీనం చేసుకునే వీలున్నా, అప్పుడు 80 శాతం సొమ్ము ముందుగా ఇవ్వాలి. సాధారణ రోడ్డు పనికి ఈ అత్యవసర నిబంధన వర్తించదు.

ఏడు సెంట్లకు లెక్క ఇలా

రోడ్డు విస్తరణలో 10 అడుగుల వెడల్పు, 305 అడుగుల పొడవున పట్టా భూమి పోయిందనుకుందాం. అది 7 సెంట్లు. నెల్లూరు లెక్కలో 42 అంకణాలకు పైనే. ఎకరా మార్కెట్ విలువ రూ.20 లక్షలుగా తేలితే ఈ ముక్క విలువ రూ.1.40 లక్షలు. గ్రామాల్లో దీన్ని 1 నుంచి 2 వరకు ఉండే గుణకంతో హెచ్చిస్తారు. గుణకం 1.25 అనుకుంటే విలువ రూ.1.75 లక్షలవుతుంది. దానికి 100 శాతం సొలేషియం కలిపితే రూ.3.50 లక్షలు. మూల మార్కెట్ విలువపై ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం ఏడాదికి రూ.16,800. అన్నీ కలిపితే రూ.3,66,800. చెట్లు, బోరు, గోడలు ఉంటే వాటి విలువను సొలేషియానికి ముందే చేరుస్తారు.

మార్కెట్ విలువను మూడు రకాలుగా చూసి ఎక్కువున్నదే తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన విలువ ఒకటి. గత 3 ఏళ్లలో ఆ గ్రామంలో గాని, సమీపంలో గాని అదే రకం భూముల విక్రయాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు రెండోది. కొన్ని సేకరణల్లో యజమానులు అంగీకరించిన మొత్తం మూడోది. స్టాంపు సుంకం తగ్గించుకోవడానికి తక్కువ ధర రాయించుకునే అలవాటు ఇక్కడే ఎదురు తిరుగుతుంది. ఇరుగుపొరుగు రైతులు దస్తావేజుల్లో రాసిన తక్కువ ధరే అందరి పరిహారాన్నీ కిందికి లాగుతుంది.

చాలామంది అడగని అంశం మరొకటుంది. 28వ సెక్షను ప్రకారం, భూమిలో కొంత భాగం తీసుకోవడం వల్ల మిగిలిన భాగానికి కలిగే నష్టాన్నీ లెక్కించాలి. రోడ్డు వల్ల పొలం రెండు ముక్కలై ఒక ముక్కకు కాలువ నీరు అందకపోయినా, రొయ్యల గుంటకు నీరు తోడే దారి తెగిపోయినా విచారణలోనే రాతపూర్వకంగా చెప్పుకోవాలి. అప్పుడు చెప్పని నష్టం అవార్డులో కనబడదు.

అవార్డు సొమ్ము చాలదనుకుంటే అభ్యంతరం తెలిపి సొమ్ము తీసుకుని, 64వ సెక్షను కింద అథారిటీకి నివేదించాలని కోరవచ్చు. అవార్డు ప్రకటించినప్పుడు హాజరైనవారికి గడువు 6 వారాలే. అభ్యంతరం రాయకుండా సంతకం చేసి సొమ్ము తీసుకుంటే ఆ అవకాశం పోతుంది. ఈ చట్టం కింద అవార్డుగా వచ్చే పరిహారంపై ఆదాయపు పన్ను లేదు.

భూమి రైతుది, వాడుక ఊరిది

ప్రతి పనికీ భూమిని సొంతం చేసుకోనక్కర్లేదు. భూమిలో 4 అడుగుల లోతున వేసే నీటి పైపుకు, పొలం గట్టు వెంట నడిచే దారికి ఈజ్‌మెంట్ హక్కు చాలు. పరుల భూమిపై నడక, నీటి పారుదల వంటి నిర్దిష్ట వాడుకకే పరిమితమైన హక్కు ఇది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం హక్కుగా, బహిరంగంగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు వాడుకుంటే ఈ హక్కు సిద్ధిస్తుంది. ప్రభుత్వ భూమిపై అయితే 30 ఏళ్లు. యజమాని దయతో ఇచ్చిన అనుమతి ఎన్నేళ్లు సాగినా హక్కు కాదు, ఎప్పుడైనా రద్దు కావచ్చు. లక్షలు పోసి వేసిన పైపులైనును అలాంటి అనుమతిపై వదిలేస్తే భూమి చేతులు మారిన రోజున పంచాయతీ చేయగలిగింది తక్కువ. పైపు వెళ్లే వెడల్పు, లోతు, మరమ్మతుకు వచ్చే హక్కు, పంట నష్టానికి చెల్లింపు అన్నీ రాసి రిజిస్టరు చేయించుకోవడమే మేలు.

రైతు కూడా ఒక విషయం గ్రహించాలి. వాడుక హక్కు ఇచ్చిన చోట భూమి తనదే అయినా దాని ఉపయోగం కుంచించుకుపోతుంది. చమురు, గ్యాసు పైపులైన్లకు వర్తించే 1962 నాటి కేంద్ర చట్టం ఇందుకు ఉదాహరణ. పైపు వెళ్లే పట్టీలో భవనం కట్టరాదు, బావి గాని చెరువు గాని తవ్వరాదు, చెట్టు నాటరాదు. ఇందుకు ఆ చట్టం ఇచ్చేది మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం అదనం. వరి పొలానికి ఈ ఆంక్ష భారం కాకపోవచ్చు. రొయ్యల గుంట తవ్వాలనుకునే తీర రైతుకు మాత్రం ఆ పట్టీ దాదాపు పోయినట్లే. విద్యుత్ లైన్ల విషయంలో కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో మార్గదర్శకాలు సవరించి టవరు స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం సూచించింది. ఊరి నీటి పైపు ఈ చట్టాల కిందికి రాదు. కాని ఒప్పందం రాసేటప్పుడు ఈ కొలమానాలు ఇరుపక్షాలకూ ఉపయోగపడతాయి.

భూమి లేకున్నా, అందులో ఈజ్‌మెంట్ హక్కు ఉన్నవారిని 2013 చట్టం ‘ఆసక్తిగల వ్యక్తి’గా గుర్తించింది. కొత్త రోడ్డు వల్ల తన పొలానికి వెళ్లే పాత డొంక మూసుకుపోతే ఆ రైతుకూ విచారణలో మాట్లాడే హక్కు ఉంది.

డీకేటీ భూమికీ పరిహారం

ప్రభుత్వం ఇచ్చిన భూమి ప్రభుత్వానికే తిరిగి పోయింది, పరిహారమేమిటన్న వాదన గ్రామాల్లో వినిపిస్తుంది. 2004లో రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో ఈ వాదనను తోసిపుచ్చింది. ప్రజావసరానికి అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ, సొలేషియం చెల్లించాలని స్పష్టం చేసింది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆ భూముల అమ్మకాన్ని నిషేధించింది గాని, సాగుదారు హక్కును తుడిచివేయలేదు. చిక్కల్లా రికార్డులోనే. అసలు అసైనీ పేరు మీద పట్టా, అనుభవంలో మరొకరు, రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో చుక్కలు, 22-ఎ నిషేధిత జాబితాలో నంబరు ఉన్నచోట సొమ్ము ఎవరికి చెందాలో తేలక అథారిటీ వద్ద జమపడుతుంది. అలాంటి భూములున్నవారు నోటీసు వచ్చేదాకా ఆగకుండా దస్త్రాలు సరిచేయించుకోవడం అవసరం.

పట్టా లేనివారి మాటేమిటి?

ఈ తీరంలో పెద్ద పాఠం శ్రీహరికోటది. 1969లో రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఆ దీవిని ఎంపిక చేశారు. అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది. దీవి అడవిపై, పులికాట్ నీటిపై బతికిన యానాదులు అక్కడి నుంచి కదలవలసి వచ్చింది. దేశం అంతరిక్షంలోకి చేరిన చోటే, తరాలుగా నివసించిన వారి బతుకుతెరువును కొలిచే కాగితం అప్పట్లో లేదు. 1894 చట్టం చూసింది భూమిపై హక్కునే గాని జీవనాధారాన్ని కాదు.

2013 చట్టం ఈ లోటును కొంత పూడ్చింది. సేకరణకు ముందు 3 ఏళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తున్న వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవారు బతుకుతెరువు కోల్పోతే ప్రభావిత కుటుంబాలే. నీటి వనరులపై ఆధారపడిన మత్స్యకారులు, పడవ నడిపేవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. వలలు ఆరబెట్టే చోటు, పడవలు నిలిపే ఒడ్డు పట్టా భూములు కావు. అక్కడ జెట్టీకో, రోడ్డుకో స్థలం తీసుకుంటే వాటిని వాడుకునే కుటుంబాల జాబితా గ్రామసభలోనే సిద్ధం కావాలి. రేషన్ కార్డు, మత్స్యకార సంఘ సభ్యత్వం, పడవ రిజిస్ట్రేషన్, సాగుదారు హక్కు పత్రం వంటివి అప్పుడు ఆధారాలవుతాయి.

కోర్టులు ఏమన్నాయి?

1978 నాటి 44వ రాజ్యాంగ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగినా, 300-ఎ అధికరణం కింద రాజ్యాంగ హక్కుగా నిలిచింది. 2020 జనవరి 8 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఈ హక్కుకు గ్రామీణ రోడ్డే వేదికైన ఉదంతం. హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో ఒక నిరక్షరాస్య వితంతువు భూమిలో సేకరణ లేకుండానే రోడ్డు వేశారు. ఆమె నోటిమాటగా ఒప్పుకొందని, ఇన్నేళ్ల అనుభవంతో భూమి తమదైందని ప్రభుత్వం వాదించింది. మౌఖిక సమ్మతి వాదన నిరాధారమని, పౌరుల భూమిపై ప్రభుత్వం ప్రతికూల స్వాధీనం కోరజాలదని కోర్టు తేల్చింది. అర్ధ శతాబ్దం తర్వాత పరిహారం చెల్లించవలసి వచ్చింది.

స్థానిక సంస్థకు నేరుగా వర్తించేది కోల్‌కతా నగర పాలక సంస్థ కేసులో 2024 మే 16 నాటి తీర్పు. ఉద్యానవనం కోసం ప్రైవేటు స్థలం తీసుకున్న ఆ సంస్థ తన చట్టంలోని ఒక సెక్షనునే అధికారంగా చూపింది. పరిహారం ఇస్తామన్నంత మాత్రాన సేకరణ చెల్లదంటూ కోర్టు ఏడు అంశాలు పేర్కొంది. నోటీసు ఇవ్వడం, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం తెలపడం, ప్రజాప్రయోజనం ఉండటం, న్యాయమైన పరిహారం, జాప్యం లేని ప్రక్రియ, స్వాధీనంతో వ్యవహారాన్ని ముగించడం. వీటిలో ఏది లోపించినా సేకరణ నిలవదు.

ముందే చూసుకోవలసినవి

రైతులు: పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్ నకళ్లు ముందే తీసుకోవాలి. రోడ్డు గుర్తులు వేసేటప్పుడు సర్వేయరు కొలతలను దగ్గరుండి చూసి, పోయే విస్తీర్ణాన్ని రాతపూర్వకంగా కోరాలి. చెట్లు, బోరు, గుంట గట్టు ఫొటోలు తేదీతో భద్రపరచాలి. నోటీసుకు గడువులోగా సమాధానమిచ్చి రసీదు పొందాలి. ఖాళీ కాగితంపై, చదవని అంగీకార పత్రంపై సంతకం చేయరాదు.

స్థానిక సంస్థలు: అంచనాలు పంపే ముందే దారి మొత్తాన్ని సర్వే చేయించి, నంబరు వారీగా భూమి రకం, యజమాని, అనుభవదారు, వాడుక హక్కుదారుల పట్టిక తయారుచేయాలి. స్థలం ఖర్చును అంచనాల్లో చేర్చాలి. గ్రామసభలో మ్యాపు ప్రదర్శించాలి. పోరంబోకు మీదుగా మళ్లించే వీలుంటే దాన్నే ముందు పరిశీలించాలి. స్థలం చేతికి వచ్చాకే గుత్తేదారుకు పని అప్పగించాలి. సబ్‌డివిజన్, రికార్డు మార్పు పూర్తయ్యాకే దస్త్రం మూయాలి.

ఈ మెట్లన్నీ పాటిస్తే పని కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. కాని కోర్టు స్టేతో సగంలో ఆగిన రోడ్డు తుపాను రాత్రి ఊరిని ఒడ్డుకు చేర్చదు. సొమ్ము అందిన రైతు, రికార్డులో నమోదైన బాట ఉన్న ఊరికి ఆ భయం ఉండదు.